మామిడికాయలు కోయడానికి అంత దూరమా?

ఆడపిల్ల విదేశం వెళ్తోందంటే మన ఇళ్లల్లో ముందు అడిగే మాట ‘చదువుకా, ఉద్యోగానికా?’ అని. రెండూ కాదంటే ‘అయితే పెళ్లి కుదిరిందన్నమాట’ అంటారు. మా అమ్మాయి ఈ మూడూ కాదంది.

“వీపుకు సంచి తగిలించుకుని ఊళ్లు చూస్తానమ్మా. డబ్బులు తగ్గినచోట ఆగి పని చేసుకుంటాను. చేతిలో నాలుగు డబ్బులు పడగానే మళ్లీ బయలుదేరతాను. ఏడాది కాగానే వచ్చేస్తాను” అంది. అప్పుడు నేను వంకాయలు తరుగుతున్నాను. వేలు తెగలేదు, అదే పదివేలు.

మాది నూజివీడు దగ్గర పల్లె. మామిడితోటల వాళ్లం. నా చదువు ఇంటర్మీడియెట్‌తో సరి, ఫలితాలు రాకముందే పెళ్లయిపోయింది. నేను చూసిన దూరదేశం కాశీ. అదీ బస్సు నిండా మనవాళ్లు, వెనకాలే వంటమనిషి. అలాంటిదాన్ని ఆస్ట్రేలియా ప్రయాణానికి ఏర్పాట్లు చేశానంటే నవ్వుతారేమో. కానీ చేసి చూశాక నాకు తెలిసిందేమిటంటే, అందులో సగం పని మనం రోజూ ఇంట్లో చేసేదే. ఉన్న డబ్బును నెల చివరిదాకా లాగడం, ఏ సరుకు ఎంత కావాలో లెక్క వేసుకోవడం, ఏ పనికి ఏది ముందో చూసుకోవడం. ఎటొచ్చీ దానికి మనం ఆ పేరు పెట్టుకోలేదు.

మీలో ఎవరి పిల్లలకైనా పనికొస్తుందని ఆ వీసా సంగతి చెబుతాను. దాన్ని వర్క్ అండ్ హాలిడే వీసా అంటారు. ఏడాదిపాటు దేశం తిరుగుతూ మధ్యమధ్య పని చేసుకోవచ్చు. ఇలా తిరిగేవాళ్లను అక్కడ బ్యాక్‌ప్యాకర్లంటారు. ఆస్ట్రేలియావాళ్లు 1975 నుంచే కొన్ని దేశాల కుర్రకారును ఇలా రానిస్తున్నారు. మనవాళ్లకు మాత్రం 2024లో దారి దొరికింది. రెండు దేశాలూ 2022లో చేసుకున్న వాణిజ్య ఒప్పందం పుణ్యమది. ఏడాదికి వెయ్యిమందికే. వయసు 18కి తగ్గకూడదు, 30 దాటకూడదు. కనీసం రెండేళ్ల డిగ్రీ చదువైనా అయి ఉండాలి. పని జరుపుకునేంత ఇంగ్లీషు వచ్చని పరీక్ష కాగితం చూపాలి. పాస్‌పోర్టు, పాన్ కార్డు ఉంటే 25 డాలర్లు కట్టి పేరు ఇవ్వచ్చు. తర్వాత లాటరీ. ఆ మొదటి అక్టోబరులో రెండు వారాలు తిరక్కుండానే నలభైవేల మంది పేర్లిచ్చారని పేపర్లో చూసి, ‘మన పిల్లకెక్కడ వస్తుందిలే’ అని నిశ్చింతగా ఉన్నాను. ఆ చలికాలంలోనే వచ్చింది.

ఇక్కడో సంగతి. లాటరీలో పేరు తెప్పిస్తానని లక్షన్నర అడిగిన ఏజెంటు ఒకాయన మాకూ తగిలాడు. పేరు తెప్పించడం ఎవరి చేతిలోనూ లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ హోంశాఖ వాళ్లే తేదీలు ప్రకటిస్తారు, పిల్లలు ఇంట్లో కూర్చుని సొంతంగా వేసుకోవచ్చు. ఆ డబ్బు పెట్టి రెండు గాజులు చేయించుకోండి.

మావారు అంతా విని పేపరు మడిచి పక్కన పెట్టారు.

“అక్కడికెళ్లి ఏం పని చేస్తుందట?”

“తోటల్లో పళ్లు కోతలకు ఎక్కువగా తీసుకుంటారట. హోటళ్లలోనూ ఉంటుందట.”

“మన తోటలోకి వచ్చేవాళ్లకు మనం కూలి ఇస్తున్నాం. మన పిల్ల పోయి ఇంకెవరి తోటలోనో కూలి చేస్తుందా? బీకాం చదివి, హైదరాబాదులో ఉద్యోగం మానేసి, మామిడికాయలు కోయడానికి అంత దూరమా? దానికి మళ్లీ విమానం ఛార్జీలా?”

నిజం చెప్పొద్దూ, నా మనసులోనూ అదే ఉంది. పైగా అప్పుడే ఏలూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. మా బంధువులబ్బాయి అమెరికాలో చదువుకుంటూ హోటల్లో గిన్నెలు కడిగాడని వాళ్లమ్మ ఎంత గొప్పగా చెప్పుకుంటుందో నాకు తెలుసు. మగపిల్లాడు కడిగితే కష్టపడి పైకొచ్చాడంటాం. ఆడపిల్ల కాయలు కోస్తే ‘ఏం ఖర్మ’ అంటాం. ఇది తప్పని తెలుస్తూనే ఉంది, అయినా నోరు రాలేదు నాకు.

నోరు తెరిచింది మా అత్తయ్యగారు. డెబ్భై ఆరేళ్ల మనిషి. మంచం మీద నుంచి లేవకుండానే, “ఈ తోట ఏ డబ్బుతో కొన్నామురా? నేనూ మీ నాన్నా గుంటూరు వైపు మిరపకోతలకు పోయి తెచ్చిన కూలి కాదూ? నువ్వు గోనెసంచిలో కూర్చుని మిరపకాయ కళ్లల్లో పెట్టుకుని ఏడ్చేవాడివి” అన్నారు.

మావారికి ఆ సంగతి తెలియక కాదు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు, అంతే. ఆ రాత్రి ఆయన అన్నం సగంలోనే లేచారు. మర్నాడు పొద్దున మాత్రం ఒక షరతు పెట్టారు. “మే నెలలో మన తోటలో కోతకు దిగమను. పది రోజులు నిలబడితే అప్పుడు చూద్దాం.”

వీసాకు ఆలస్యం చేయడానికి లేదు గనక అది ముందే కట్టేశాం. 650 డాలర్లు, మన డబ్బులో ముప్పైఆరు వేలదాకా. తర్వాత ఆ రుసుము పెరిగింది. టిక్కెట్టు డబ్బు కాక అయిదువేల డాలర్లు బ్యాంకులో ఉన్నట్టు చూపాలి. అంటే రెండు లక్షల డెబ్భై, ఎనభై వేలు. పిల్ల రెండేళ్ల జీతంలో మిగిల్చింది రెండు లక్షలుంది. తక్కింది నా చీటీ డబ్బు. గాజుల కోసం వేసిన చీటీ అది. ఏజెంటుకు బదులు గాజులు చేయించుకోమని మీకు సలహా చెప్పి నేను చేసిన పని ఇదీ! ఉగాదికి ముందే వీసా వచ్చింది. వచ్చిన ఏడాదిలోగా ఆ దేశంలో అడుగుపెట్టాలి, అడుగుపెట్టిన రోజు నుంచి ఏడాది లెక్క.

మేలో బంగినపల్లి కోత మొదలైంది. మగవాళ్లు చిక్కం కర్రలతో కాయ దించుతుంటే ఆడవాళ్లు ఏరి, తొడిమలు సరిచేసి, రకాలు వేరు చేస్తారు. మా అమ్మాయి ఇద్దరి పనీ చేస్తానని దిగింది. మొదటిరోజు పదకొండు గంటలకల్లా వచ్చి అరుగుమీద పడిపోయింది. రెండోరోజు సొన చెంపమీద చిమ్మి బొబ్బ లేచింది. పెళ్లిచూపులకు రావలసినవాళ్లు ఆ వారమే వస్తామని కబురు పెట్టారు! కాయ తెంపేటప్పుడు తొడిమ రెండంగుళాలు ఉంచి కోస్తే సొన చిమ్మదనీ, తర్వాత కాయను బోర్లించి తొడిమ విరవాలనీ మేస్త్రి భార్య నేర్పింది. ఇరవైరెండేళ్లుగా ఆవిడకు మజ్జిగ పోస్తున్నాను, ఈ ముక్క నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు మరి. పది రోజులకు పిల్ల నల్లబడింది, చేతులు గీరుకుపోయాయి. ఆ ఏడాది మజ్జిగలో నేను నీళ్లు కొంచెం తగ్గించి పోశానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఏలూరు వాళ్లు వచ్చారు. ఏడాది ఆగుతారా అని అడిగాం. ఆగమన్నారు. కాఫీలు తాగి వెళ్లారు.

ఆ తర్వాతనే మా భోజనాల బల్లమీద ఆస్ట్రేలియా పటం పరిచాం. చూశారా, అక్కడ కాలాలన్నీ మనకు తలకిందులు. మన చలికాలం వాళ్లకు ఎండాకాలం. మామిడి కూడా అంతే. పైన ఉత్తరాన డార్విన్, కాథరిన్ ఊళ్లవైపు సెప్టెంబరు, అక్టోబరుల్లో కోత మొదలవుతుంది. నవంబరు, డిసెంబరులకు తూర్పు తీరాన బోవెన్ అనే ఊరికి వస్తుంది. ఆపైన మరీబా వైపు. కోత వెంట నడుచుకుంటూ పోతే పనికి పనీ, దేశం చూసినట్టూ ఉంటుందని మా పిల్ల లెక్క. వెనకటికి మా అత్తయ్యగారు వాళ్లు మిరపకోతల వెంట ఊరూరూ తిరిగింది ఇలాగే కదా అనిపించింది నాకు.

ఆ బోవెన్ కథ మీకు చెప్పాలి. అదీ మన నూజివీడులాంటి ఊరే, మామిడికి పేరు. ఊరి పొలిమేరలో పదిమీటర్ల ఎత్తున మామిడిపండు బొమ్మ కట్టి పెట్టుకున్నారు. మనకింత పేరుండీ అలాంటిది ఒక్కటీ లేదు! వాళ్ల దేశంలో ఎక్కువగా తినే రకాన్ని కెన్సింగ్టన్ ప్రైడ్ అనీ, బోవెన్ మామిడి అనీ అంటారు. 1880ల ప్రాంతంలో ఆ రేవునుంచి ఇండియాకు, ఇక్కడి సైన్యం కోసం, ఓడల్లో గుర్రాలు పంపేవారట. ఆ ఓడలు తిరిగి వెళ్తూ పట్టుకెళ్లిన మామిడి టెంకల నుంచే ఆ రకం పుట్టిందని చెబుతారు. ఇది చదివి వినిపిస్తే మావారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “అయితే మన కాయే” అన్నారు. అంతకుముందు నాలుగు నెలలుగా ఆస్ట్రేలియా పేరెత్తితే లేచి వెళ్లిపోయేవారు.

కూలి లెక్క ఆయనే అడిగారు. 2025 జులై నుంచి ఆ దేశంలో కనీస వేతనం గంటకు 24 డాలర్ల 95 సెంట్లు. పర్మినెంటు కాని పనివాళ్లకు సాధారణంగా దానిమీద పాతికశాతం అదనం. ఇలాంటి వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను పట్టుకుంటారు. కాయల లెక్కన కూలి ఇచ్చే తోటల్లో కూడా గంటకు కనీస కూలి గిట్టాలని 2022 ఏప్రిల్ నుంచి రూలు వచ్చింది. అంతకుముందు పిల్లల్ని బాగా ముంచిన తోటలున్నాయట. అందుకే మా అమ్మాయికి మూడు మాటలు వల్లె వేయించాను. ఎన్ని గంటలు చేశావో ఏరోజుకారోజు నోటుబుక్కులో రాసుకో. పాస్‌పోర్టు ఎవరు అడిగినా చేతికివ్వకు, చూపించి తీసుకో. పని ఇప్పిస్తానని ముందుగా డబ్బు అడిగితే వెనక్కి తిరిగి వచ్చెయ్. మనూళ్లో పనిపిల్లను పెట్టుకున్నా, పాలవాణ్ణి పెట్టుకున్నా మనం రాసుకునేది క్యాలెండరు మీదే కదా, అదే పద్ధతి.

ఒక రాత్రి మాత్రం నాకు నిద్రపట్టలేదు. ఇలా తిరిగే పిల్లలు హాస్టళ్లలో దిగుతారు. ఒక్కో గదిలో నాలుగు నుంచి ఎనిమిది మంచాలు, ఒకదానిమీద ఒకటి. క్వీన్స్‌లాండ్‌లో చిల్డర్స్ అనే ఊళ్లో 2000 జూన్‌లో ఇలాంటి హాస్టలుకు ఒకడు నిప్పుపెడితే పళ్లకోతలకు వచ్చిన పిల్లలు పదిహేనుమంది పోయారు. పొగ వస్తే మోగవలసిన గంట పనిచేయడం లేదట. కిటికీకి ఊచలు, తలుపుకు అడ్డంగా మంచం. ఆ తర్వాత అక్కడ హాస్టళ్ల నిబంధనలు గట్టి చేశారు. అయినా నేను చదివింది మరిచిపోలేకపోయాను. వద్దని చెబుదామని తెల్లవారుజామున లేచి వెళ్లి పిల్ల మంచం దగ్గర నిలబడ్డాను. చెప్పలేదు. ఏ హాస్టల్లో దిగినా సంచి దించకముందే బయటికి వెళ్లే రెండో దారి ఎక్కడుందో నడిచి చూసిరావాలి, ఆడవాళ్లకు మాత్రమే ఉన్న గది అడగాలి, తలగడ దగ్గర టార్చి పెట్టుకోవాలి అని ఒట్టు వేయించుకున్నాను. ఆపదలో నొక్కవలసిన నంబరు అక్కడ మూడు సున్నాలు. అదీ గోడమీద రాసిపెట్టాను, మా ఇంటి గోడమీద!

తుఫానులంటే మాత్రం భయపడలేదు. బోవెన్ తీరానికి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. 1977 దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగినదాన్ని, రేడియో చెప్పినప్పుడు కదలాలని మాత్రం చెప్పాను. ఆ నెలల్లోనే అక్కడి సముద్రంలో విషపు జెల్లీచేపలుంటాయి, ఏటి ఒడ్డున మొసళ్లుంటాయి. ‘నీళ్లలో దిగను’ అన్న ఒక్క మాట చాలలేదు, దాని ఫోనులో బోర్డు బొమ్మ కూడా చూపించింది.

ఇక సంచి. సంచిని లీటర్లలో కొలుస్తారని అప్పుడే తెలిసింది, పాలు కొలిచినట్టు. మాది నలభై అయిదు లీటర్లది. మొదట నేను సర్దినప్పుడు మా ధాన్యం కాటాకు తగిలిస్తే పదిహేడున్నర కిలోలు! అలాగే వీపుకు తగిలించి విజయవాడ తీసుకెళ్లి ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కించాను. సగం మెట్లకే కూలబడింది. “అమ్మా, ఈ పట్టుచీర తీసెయ్” అంది మొదటి మాట. తీసేశాను. మెట్టుమెట్టుకూ ఏదో ఒకటి తీసేసిన లెక్కే. చివరకు పదకొండు కిలోలకు దిగింది. మిగిలినవేమిటంటే, పలచటి నూలు తువ్వాళ్లు రెండు (దళసరి టర్కీ తువ్వాలు రెండు రోజులకు గానీ ఆరదు), ఒక చిన్న తాళంకప్ప, బట్టలారేసుకునే తాడు, ఎండ టోపీ, గట్టి బూట్లు, మందులు. మందులకు డాక్టరు చేత ఇంగ్లీషులో చీటీ రాయించాం. ఆరోగ్య బీమా తప్పకుండా చేయించండి. మన దేశం నుంచి వెళ్లినవాళ్లకు అక్కడ ప్రభుత్వ వైద్యం ఉచితంగా దొరకదు. ఇది ఖర్చనుకుని వదిలేయవలసింది కాదు.

కోతకు పొడుగు చేతుల చొక్కాలు కావాలి, సొన పడకుండా. కొత్తవి కొందామనుకుంటుంటే మావారు బీరువాలోంచి తన పాత నూలు చొక్కాలు నాలుగు తెచ్చి కుట్టుమిషను మీద పెట్టి వెళ్లిపోయారు. భుజాలు తగ్గించి కుట్టాను.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఆవకాయ మాటేమిటి? ఆ దేశంలో దిగగానే ఒక కార్డు ఇస్తారు, తినేవస్తువు ఏది తెచ్చినా దానిమీద ఒప్పుకోవాలి. దాస్తే జరిమానా, వీసాకే ఎసరు రావచ్చు. కాయలు, విత్తనాలు, పచ్చి కరివేపాకు, పాలసరుకులు రానివ్వరు. నేతి సున్నుండలు చేద్దామనుకున్నదాన్ని చేతులు కట్టేసుకున్నాను. సీసాలు మోసే బదులు పిల్ల చేతికి వంట నేర్పడమే మేలనిపించింది. హాస్టల్ వంటింట్లో ఒక్క పొయ్యి, ఇరవై నిమిషాలు, ఒక్క గిన్నె. అంతలో అయ్యేది వంద రకాలు ఆలోచించి ఒకటి తేల్చాను. మసూర్ పప్పు అక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది, నానబెట్టే పని లేదు, కుక్కరు అక్కర్లేదు. గిన్నెలో చెంచా నూనె, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఎండుమిర్చి వేసి వేగాక గుప్పెడు పప్పు కడిగి, రెండు టమాటాలు తరిగి వేసి, పసుపు, పప్పుకు మూడింతలు నీళ్లు పోయాలి. పావుగంటలో మెత్తబడుతుంది. దించాక ఉప్పు, నిమ్మకాయ. చింతపండు వెతుక్కోనక్కర్లేదు. అది అన్నంలోకి పప్పు, నీళ్లు ఎక్కువ పోస్తే చారు, గట్టిగా ఉంచితే రొట్టెలోకి. వారం రోజులు దాన్నే మా అందరికీ వండిపెట్టింది. అయిదోరోజుకు మావారు “నువ్వు త్వరగా బయలుదేరమ్మా” అన్నారు.

2025 సెప్టెంబరులో వెళ్లింది. శంషాబాదులో విమానం, సింగపూరులో మారి డార్విన్. ఏడవలేదు నేను. ఇంటికొచ్చి ఆ ధాన్యం కాటా చూసి ఏడ్చాను.

డార్విన్ వాళ్ల గడియారం మనకంటే సరిగ్గా నాలుగు గంటలు ముందు. ప్రతి ఆదివారం మనకు సాయంత్రం నాలుగింటికి, అంటే దానికి రాత్రి ఎనిమిదికి మాట్లాడుకోవాలని ఒప్పందం. మొదటి రెండు వారాలు ఊరు చూసిన కబుర్లే. అక్టోబరులో కాథరిన్ దగ్గర తోటలో పని దొరికింది. తెల్లవారకముందే దిగుతారట, ఎండ నలభై దాకా పోతుందట. భుజాలు పడిపోతున్నాయంది. ఇలా పల్లెటూళ్లలో మూడునెలలు తోటపని చేస్తే రెండో ఏడాదికి కూడా వీసా అడగవచ్చునట. ఆ సంగతి మావారికి నేనింకా చెప్పలేదు. ఈ పత్రికలో ఆయన వంటల పేజీ తప్ప చదవరు, పరవాలేదు.

ఆ ఆదివారం నేను మాట్లాడుతుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. ఇలా ఇమ్మని ఫోను తీసుకున్నారు. తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతారనుకున్నాను.

“చెట్టుకూ చెట్టుకూ ఎంత ఎడం వదిలారమ్మా?” అన్నారు.

“చూడలేదు నాన్నా. రేపు అడుగులేసి కొలిచి చెబుతాను” అంది.